నగరసభలో స్థానము – దాని వెల

హైదరాబాదు పాతబస్తీలో, లాల్‌దర్వాజాలోనో శాలిబండలోనో నివసించు నొక సామాన్య గృహస్థుడు నగరపాలక సభ్యత్వమునకు అభ్యర్థిగా నిలువ సంకల్పించెననుకొందము. తన వీథిలో మురుగుకాలువ యెక్కడ పొంగునో, కుళాయినీరు ఏ వేళకు వచ్చి యే వేళకు నిలిచిపోవునో అతనికి చక్కగా తెలియును. వోటర్ల పట్టికలో పేరున్నది. ప్రతిపాదించుటకు పొరుగువాడు సిద్ధముగా నున్నాడు. నేరము లేదు, ఋణము లేదు, నగరసంస్థకు బాకీ లేదు. ఇంతవఱకు చట్టమున కాక్షేపణ యేమియు లేదు. అయినను అతని యింటిలో మొట్టమొదట పుట్టు ప్రశ్న అర్హతను గూర్చినది కాదు. “దీనికగు సొమ్మెవరిది?” అని యిల్లాలు అడుగును. మేము ఈ వ్యాసమున విచారింప దలచినది ఆ యిల్లాలి ప్రశ్ననే. దానికి మన నగరచరిత్రము కాలమునకొక తీరుగ సమాధానము చెప్పుచు వచ్చినది.

1591లో చార్మినారు నిలిచిన నాటనుండి చాలకాలము ఈ ప్రశ్నకే తావు లేకుండెను. మొగలాయి పద్ధతిలో నగరపు శుభ్రత, కావలి, అంగళ్ల తూనికలు మున్నగునవన్నియు ప్రభువు నియమించిన కోత్వాలు చేతిలోనివి. ప్రజలు అర్జీ పెట్టుకొనవచ్చును గాని కోత్వాలును ఎన్నుకొనజాలరు. మొదటి సాలార్‌జంగు దివానుగా నుండగా 1869లో నగరమునకు పురపాలకశాఖ యొకటి యేర్పడెను. నగరము నాలుగు భాగములుగాను, చాదర్‌ఘాటు ప్రాంతపు శివార్లు ఐదు భాగములుగాను విభజింపబడి, ఒక కమీషనరుకు అప్పగింపబడెను. 1886లో చాదర్‌ఘాటు వేఱు మునిసిపాలిటీయయ్యెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి మండలి పుట్టెను. వీథులు వెడల్పయ్యెను, ఇరుకుపేటలు తొలగింపబడెను, పనులు గొప్పవే. కాని యే పేట కూలవలెనో, ఏ పేట నిలువవలెనో నిర్ణయించిన వారిలో ఆ పేటల ప్రజలెన్నుకొన్న మనుష్యుడు లేడు.

1933లో చాదర్‌ఘాటు మునిసిపాలిటీ హైదరాబాదుతో కలసి నగరపాలక సంస్థకు చట్టబద్ధమైన రూపము వచ్చెను. 1934లో మొదటి యెన్నికలు జరిగెను. ఇది మెచ్చదగిన యడుగే. అయినను అది వయోజనులందఱకు వోటున్న యెన్నిక కాదు. ఆ కాలపు సంస్థాన రాజనీతి యెట్టిదో తెలిసికొనుటకు తరువాతి సంస్కరణలను చూచిన చాలును. 1937లో దివాన్ బహద్దరు అరవముదు అయ్యంగారి యధ్యక్షతను సంస్కరణ సంఘ మొకటి నియమింపబడెను. 1939 జులైలో సంస్కరణలు ప్రకటింపబడెను. అందు ప్రాతినిధ్యము మనుష్యులకు గాక వర్గప్రయోజనముల కీయబడెను: జాగీర్దారులకొక పాలు, వర్తకులకొక పాలు, బ్యాంకులకొక పాలు, న్యాయవాదులకొక పాలు, ఇట్లు. మనుష్యుడు తన వృత్తివలనను ఆస్తివలనను సభకు పోవునే గాని, మనుష్యుడైనందువలన పోడు. “సొమ్మెవరిది?” అను ప్రశ్నకు ఆనాటి సమాధానము సూటియైనది. సొమ్ముగలవాడే రావలెను, కనుక సొమ్ము వానిదే.

ఈ దోషము నిజాము సంస్థానమునకే పరిమితమని యెవ్వరును భావింపరాదు. మన పూర్వుల గ్రామస్వరాజ్యమును పొగడునపుడెల్ల ఉదాహరించు కాంచీపురప్రాంతపు ఉత్తరమేరూరు శాసనములనే చూతము. పరాంతకచోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కిన యా శాసనముల ప్రకారము గ్రామము ముప్పది వార్డులు. అర్హులైనవారి పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించెడివారు. చీట్లెత్తుటలో ప్రచారవ్యయ మొక కాసైనను లేదు! కాని కుండలోనికి పేరు పోవుటకు ముందు పన్ను చెల్లించు భూమి కాలు వేలికి మించి యుండవలెను, సొంత నేలపై కట్టిన యిల్లుండవలెను, వేదాధ్యయన ముండవలెను. వ్యయము లేదు గాని వెల యున్నది. స్త్రీలకును, భూమిలేని వారికిని కుండ మూతి మూసియే యుండెను. ఆ శాసనములలో మేము మనసార మెచ్చునది మఱియొకటి కలదు. సంఘములలో పనిచేసి లెక్కలు ఒప్పగింపని వాడును, అతని బంధువులును తిరిగి యభ్యర్థిత్వమునకు అనర్హులు. ఈ లెక్కల సంగతి ముందు మరల వచ్చును.

ఇంగ్లండులోను కథ యిట్టిదే. పార్లమెంటు సభ్యునికి ఆస్తి యుండవలెనను నియమమును తొలగింపుడనియు, సభ్యునికి జీతమిండనియు 1838లో చార్టిస్టులు కోరిరి. వారు కోరిన యాఱింటిలో ఈ రెండును కూలివాండ్ర కోసమైనవి. మొదటి కోరిక 1858లో నెరవేఱెను. రెండవది నెరవేఱుటకు 1911 వఱకు పట్టెను. అప్పుడు సంవత్సరమునకు నాలుగువందల పౌనుల జీత మేర్పడెను. అనగా బీదవాడు సభకు పోవచ్చునని యొప్పుకొన్న తరువాత, పోయినవాడు తినుట యెట్లను విషయము తోచుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. పోవుటకు ముందు వాడు వ్యయపెట్టుట యెట్లను విషయము తోచుటకు ఇంకను కాలము పట్టెను. ఆ తలంపు బహిరంగముగా పలికిన వారిలో అమెరికా అధ్యక్షుడు థియోడరు రూజ్‌వెల్టు ముఖ్యుడు. రాజకీయపక్షముల న్యాయమైన ప్రచారవ్యయమును ప్రజాధనమునుండి యీయవలెనని ఆయన 1907లో తన దేశపు శాసనసభకు పంపిన సందేశమున సూచించెను. పెద్ద కంపెనీల ధనము ప్రభుత్వమును మ్రింగివేయునను భయము ఆయనచేత ఆ మాట పలికించినది.

ఇక మన నగరమునకు వత్తము. 1948 సెప్టెంబరుతో అసఫ్‌జాహీ పాలన ముగిసెను. నగరపాలక సంస్థకు 1951లో మాడపాటి హనుమంతరావుగారు మేయరైరి. తెలుగువారి సభలు, గ్రంథాలయములు, బాలికల పాఠశాల స్థాపించి సంస్థానాంధ్రులను మేలుకొలిపిన ఆ పెద్దమనుష్యుడు నగరపు ప్రథమ పౌరుడగుట తెలుగిండ్లలో నెంత సంతోషము గలిగించెనో వేఱుగ చెప్ప నక్కఱలేదు. వయోజనులందఱకు వోటు వచ్చెను. జాగీర్దారుని వోటును, అతని గుఱ్ఱపుబండి తోలువాని వోటును సమానమయ్యెను. సభకు వెలకట్టు పాతతూనిక విరిగెను.

విరిగిన మాట నిజము. కాని వెల పోలేదు, స్థలము మార్చుకొన్నది. పూర్వము అర్హతలో నున్నది ఇప్పుడు ప్రచారములో చేరినది. పైగా మధ్య మధ్య సభయే లేకుండ పోయినది. 1986లో యెన్నికలు జరుగుటకు ముందు పదునైదేండ్లకు పైగా, మరల 1990లలో 2002 వఱకును, పాతబస్తీ ప్రజలకు ఎన్నుకొన్న సభ్యులు లేకుండ అధికారులే పాలించిరి. 1993 జూను 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగసవరణము ఐదేండ్లకొకసారి యెన్నిక జరుపుట విధి చేసెను. అందులకు ప్రత్యేకముగా రాష్ట్ర ఎన్నికల సంఘమును నెలకొల్పెను. ఎన్నికల పెట్టెలు, వోటర్ల పట్టికలు, పోలింగు సిబ్బంది, వీనికి వ్యయ మంతయు ప్రజాధనమే. అభ్యర్థి పెట్టు వ్యయము మాత్రము అతని సొంతము.

ఆ వ్యయ మెంత? 2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటరు హైదరాబాదు యెన్నికలనే లెక్కకు తీసికొందము. ఆనాడు వార్డులు 150. అభ్యర్థులు 1,122 మంది. వోటర్లు 74 లక్షలకు పైగా. డిపాజిట్టు సామాన్యాభ్యర్థికి 5,000 రూపాయలు, షెడ్యూల్డు తెగలకును వెనుకబడిన తరగతులకును 2,500. ఒక్క యభ్యర్థి పెట్టదగిన వ్యయమునకు గరిష్ఠపరిమితి 5 లక్షలు. వార్డుకు సగటున 49 వేల వోటర్లు. అనగా చట్టము ఒప్పుకొన్న వ్యయము వోటరు తలకు ఇంచుమించు పది రూపాయలు. పది రూపాయలతో ఒక మనుష్యుని తన వోటరునకు పరిచయము చేసికొనుట దుర్లభము కాదు. ఒక కరపత్రము, ఒక చిన్నసభ, ఒక బండి కిరాయి. కాని ఈ యైదులక్షలు మన శాలిబండ గృహస్థుని చేతిలో లేవు. బడిపంతులుకు లేవు, గాజులమ్ము లాడ్‌బజారు చిల్లర వర్తకునికి లేవు, చార్మినారు దగ్గఱ ఆటో నడుపువానికి లేవు. పౌరనీతిపాఠములో సభ్యత్వమునకు కావలసిన అర్హతల పట్టికను మేము పిల్లలకు ఏటేట వల్లె వేయింతుము: వయస్సు ఇరువదియొకటి, పట్టికలో పేరు, ఇత్యాదులు. పట్టికలో లేని యర్హత యొకటి కలదని తెలివిగల పిల్లలు అడుగకయే గ్రహింతురు.

అప్పుడు ఆ గృహస్థునికి మూడు త్రోవలు. మొదటిది, ఇల్లు తాకట్టు పెట్టుట. రెండవది, పేటలో స్థలములు కొని అమ్ము నొక ధనికుని ఆశ్రయించుట. గెలిచిన పిదప ఆ ధనికుని కట్టడమునకు అనుమతి కావలసివచ్చునపుడు ఋణము గుర్తునకు వచ్చును. మూడవది, పెద్దపక్షము టిక్కెట్టు సంపాదించుట. అప్పుడు పక్షపు పెద్దలే మాటలాడుదురు, అతడు నిలుచుండును. ఈ మూడు త్రోవలలో నేదియు అతని వీథి మురుగుకాలువ దగ్గఱకు పోదు. మునిసిపలు పనులలో లంచము గూర్చి మన పత్రికలు వ్రాయునంత కటువుగా మఱి దేనిని గూర్చియు వ్రాయవు. అభ్యర్థి మొదటి రూపాయి యెక్కడినుండి వచ్చెనని మాత్రము అరుదుగా విచారించును.

వ్యయమునకు హద్దు పెట్టితిమి గదా యని కొందఱందురు. హద్దు ఎట్లు జాఱినదో చెప్పుట కొక దృష్టాంతము చాలును. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అభ్యర్థి కొఱకు పక్షము పెట్టిన వ్యయమును గూడ అభ్యర్థి లెక్కలోనే కట్టవలెనని తీర్పు చెప్పెను. ఆ మాసముననే ఆర్డినెన్సు వచ్చి ఆ తీర్పును నిష్ఫలము చేసెను. అది పార్లమెంటు, శాసనసభల చట్టమునకు సంబంధించినదే యైనను, దేశమున కది నేర్పిన పాఠ మిది: హద్దు ఒంటరివానికి, పక్షమునకు గాదు. నగరపాలక ఎన్నికలలో ఫలితము తెలిసిన 45 దినములలో అభ్యర్థి తన వ్యయపు లెక్కలు ఒప్పగింపవలెను. ఒప్పగింపనివాడు మూడేండ్లు అనర్హుడగును. ఉత్తరమేరూరు పెద్దలు వినిన సంతోషింతురు. కాని ఈ యనర్హత కెవరు బలి? పక్షమునకు లెక్కలు వ్రాయు గుమాస్తాలుందురు. ఓడిపోయి, అప్పుపడి, రసీదు లెక్కడ పెట్టెనో మఱచిన ఒంటరి యభ్యర్థికి గుమాస్తా లేడు.

ప్రజాధనము రాజకీయమునకు అంటరాదను మాట వినసొంపుగా నుండును గాని, అది యిప్పటికే అంటినది. 1998 నుండి ఆకాశవాణి, దూరదర్శనములలో గుర్తింపుపొందిన పక్షములకు ఎన్నికలవేళ ఉచితముగా కాలము కేటాయించుచు వచ్చిరి. ఆ సంవత్సరముననే ఇంద్రజిత్ గుప్తా సంఘము ఎన్నికలకు ప్రభుత్వసహాయము న్యాయమని తేల్చెను. కాని సహాయము నగదుగా గాక వస్తురూపముననే యుండవలెననియు, గుర్తింపుపొందిన పక్షములకే చెందవలెననియు, స్వతంత్రాభ్యర్థులకు కూడదనియు చెప్పెను. 2003లో పక్షములకిచ్చు విరాళములపై ఆదాయపుపన్ను మినహాయింప బడెను. పన్ను మినహాయింపనగా ప్రభుత్వము వదలుకొన్న సొమ్ము. ప్రభుత్వము వదలుకొన్న సొమ్మనగా మనది. ఇట్లు ఏ యుపకారము చూచినను పక్షపు గుమ్మముకడనే యాగుచున్నది. ఇంద్రజిత్ గుప్తాగారు నిష్కల్మషుడైన వృద్ధనాయకుడు. ఆయన సంఘము స్వతంత్రాభ్యర్థిని వదలివేయుట మాకు మాత్రము సమ్మతము గాదు. వీథికి సంబంధించిన పదవికి పక్షమేల తప్పనిసరి కావలెను?

ఇంతకంటె విచిత్రమైన వ్యయ మొకటి మన తెలుగునాటనే కలదు. 2021 పంచాయతీ యెన్నికలవేళ ఆంధ్రప్రదేశ ప్రభుత్వము, పోటీ లేకుండ ఏకగ్రీవముగ సర్పంచి నెన్నుకొన్న గ్రామములకు పారితోషికము ప్రకటించెను: రెండువేల జనసంఖ్యలోపు గ్రామమునకు 5 లక్షలు, ఐదువేల వఱకు 10 లక్షలు, పదివేల వఱకు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. తెలంగాణములోను ఇట్టి ప్రోత్సాహములు వాడుకలో నున్నవే. గ్రామములో కలహములు లేకుండ నుండుట మంచిదే. ఆ సొమ్ము గ్రామపు బాగునకే పోవుననుటయు నిజమే. కాని యే గ్రామమున నెవ్వరు తప్పుకొందురో, ఎవ్వరు తప్పుకొనుమందురో ఊహించుట కష్టము గాదు. పదవిని బహిరంగముగ వేలము వేసిన వార్తలు కూడ పత్రికలలో చదివితిమి. బీదవాడు పోటీకి నిలిచినందులకు ప్రజాధనమునుండి ఒక్క రూపాయి యీయని మన రాష్ట్రములు, పోటీ లేకుండుటకు లక్షలిచ్చినవి.

ఈ విషయమున నగరస్థాయిలోనే కొన్ని దశాబ్దముల యనుభవము గడించిన యూరు న్యూయార్కు. అక్కడ 1986లో వాహనములు నిలుపుటకు విధించు జరిమానాల వసూలు శాఖలో లంచములు బయటపడి, నగరపు రాజకీయ మంతయు కంపించెను. ఆ కంపము చల్లాఱక మునుపే 1988లో వారు ప్రచారవ్యయపు చట్టము చేసికొనిరి. దాని మర్మమిది: నగరవాసి యొకడు అభ్యర్థికి చిన్న చందా యిచ్చిన, నగరపు ఖజానా దానికి కొన్ని రెట్లు చేర్చును. మొదట చందాకు సమానముగనే చేర్చెడివారు. 2018లో ప్రజాభిప్రాయముతో ఎనిమిది రెట్లకు పెంచిరి. పది డాలర్ల చందా తొంబది డాలర్లగును. అయితే అడిగినవారికెల్ల ఈయరు. నగరసభకు నిలుచువాడు తన వార్డులోనే కనీసము 75 మంది చేత చందా వేయించుకొని, మొత్తము 5,000 డాలర్లు కూడబెట్టి చూపవలెను, వ్యయపరిమితికి లోబడవలెను, ప్రతి బిళ్లకును లెక్క చూపవలెను. దేశపు మఱియొక కొసనున్న సియాటిలు మఱియొక త్రోవ త్రొక్కినది. 2015లో ప్రజలే వోటువేసి, ప్రతి నివాసికిని 25 డాలర్ల చీట్లు నాలుగు పంచునట్లు చేసికొనిరి. మెచ్చిన యభ్యర్థికి ఆ చీటి నీయవచ్చును. సొమ్ములేని వోటరు గూడ దాత యగును.

ఇట్టివి ధనికదేశముల వినోదములని త్రోసివేయుటకు ముందు మన లెక్క మనము వేసికొందము. 2020లో నిలిచిన 1,122 మందికిని గరిష్ఠవ్యయ మంతయు ప్రజాధనమునుండియే యిచ్చినను అగునది 56 కోట్ల 10 లక్షలు. అది వోటరు తలకు 76 రూపాయలు. ఐదేండ్లకొకసారి గనుక ఏటికి పదునైదు. అయిదువేల కోట్లకు పైబడిన వార్షికవ్యయముగల నగరసంస్థకు ఇది మోయరాని బరువా? వాస్తవమున అంతయు నీయ నక్కఱలేదు. వార్డులో డెబ్బదియైదుగురు నివాసులు తలకొక నూఱురూపాయలు బహిరంగముగ నిచ్చిన యభ్యర్థికే, ఆ చందాలకు కొన్ని రెట్లు చేర్చి యిచ్చిన చాలును. వట్టిపేరుకు నిలుచువారు డెబ్బదియైదుగురి చేత నూఱేసి రూపాయలు తెప్పించుకొనజాలరు. నగదు చేతికిచ్చుటకు శంకించినచో, లండను మేయరు ఎన్నికలలో వలె అభ్యర్థులందఱ విన్నపములు నొక్క పుస్తకమున అచ్చువేయించి ఇంటింటికి పంపవచ్చును. మన పాతబస్తీలో అది ఉర్దూలోను తెలుగులోను ఉండవలెను. కమ్యూనిటీ హాలు ఆఱుదినములు వంతులవారీగ ఉచితముగ నీయవచ్చును.

“ఇచ్చినను రహస్యధనము ఆగునా?” అని యడుగువారికి మేము తడుముకొనక చెప్పుదుము: ఆగదు. నోట్లు పంచువాడు పంచుచునే యుండును. వానిని పట్టుట పోలీసువారి పని, ఎన్నికల సంఘపు పని. ప్రజాధనసహాయము దొంగను ఆపుటకు గాదు. దొర యింటి తలుపు తట్టకయే నిలువదలచిన వానికొక చిన్న యాధారము చూపుటకు. 2020లో ఆ నగరమున వోటువేసినవారు నూటికి సుమారు నలుబదియాఱుగురే. మిగిలిన యేబదినలుగురి యుదాసీనతకు కారణములు పెక్కు గలవు. ఎఱిగిన మొగములు పట్టికలో లేకుండుట వానిలో నొకటి యని మేము తలతుము.

స్త్రీల సంగతి వేఱుగ చెప్పవలసి యున్నది. ఆ 150 వార్డులలో సగము, అనగా 75, స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. సంస్కారప్రియులైన మన కుటుంబములలో దీనికి సంతసింపనివారు లేరు. అయితే స్థానము స్త్రీకి ప్రత్యేకింపబడినదే గాని సొమ్ము ప్రత్యేకింపబడలేదు. ఐదులక్షలు భర్తవి, లేదా మఱదివి, లేదా భర్త స్నేహితునివి. సొమ్ము పెట్టినవాడే గెలిచిన పిదప కార్యాలయపు కుర్చీలో గూర్చుండుట, ఆమె సంతకమునకు మాత్రము పిలువబడుట మనము చూచుచున్న యాచారమే. “కార్పొరేటరుగారి భర్త” యను నొక క్రొత్తపదవియే పుట్టినది. ప్రజాధనసహాయ మెప్పుడైన నేర్పడినచో, మొదటి విడతను స్త్రీలకు కేటాయించిన వార్డులలోనే ప్రయోగించుట మేలు. ఆ సొమ్ము అభ్యర్థిని పేర నున్న బ్యాంకు ఖాతాలోనికే చేరవలెను. చెక్కుపై ఆమె చేవ్రాలే యుండవలెను. ఆ 45 దినముల గడువులో లెక్కల పుస్తకమును ఎన్నికల అధికారియెదుట ఆమెయే స్వయముగ విప్పి చూపవలెను.